కలిస్తేనే నలిగే పెట్టెలు

ఫిబ్రవరి 3

మామయ్యకు,

నువ్వు బాగానే ఉన్నావని డ్రైవరు చెప్పాడు. నీ గొంతు లారీల షెడ్డు దాటి రోడ్డు మీదికి వినబడుతోందట. కాబట్టి కుశల ప్రశ్నలు వదిలేసి నేరుగా విషయంలోకి వస్తున్నాను.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. మా ఆఫీసు ఫోను నాన్న బల్ల మీద ఉంటుంది. నేను నీతో మాట్లాడుతుంటే ఆయన పేపరు చదువుతున్నట్టు నటిస్తాడు, పేజీ తిప్పడం మాత్రం మరిచిపోతాడు. మన పాత పద్ధతే నయం. అమ్మ నీకు ఉత్తరం రాసి లోడు కాగితాలతో పాటు డ్రైవరు చేతికిచ్చే రోజుల నుంచీ రెండిళ్ల సంగతులు లారీలోనే కదా తిరుగుతున్నాయి.

నిన్న సబ్బుల కంపెనీ మేనేజరు మా ఫ్యాక్టరీకి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. చేతిలో ఒక అట్టపెట్టె ఉంది. మనదే, కానీ గుర్తుపట్టడానికి నాకు కాస్త సమయం పట్టింది. పక్కలు కుంగి, మూలలు లోపలికి ముడుచుకుపోయి, ఎవరో దాని మీద కూర్చుని లేచినట్టుంది. లోపల సబ్బులు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కొంతకాలంగా నీ లారీల్లో దూరపు డిపోలకు వెళ్లిన ప్రతి లోడులోనూ అడుగు వరసలు ఇలాగే చేరుతున్నాయట.

"పెట్టె మీది, బండి మీ బావమరిదిది. ఇద్దర్నీ ఒకే ఒప్పందంలో పెట్టుకున్నది, ఇలాంటివి వస్తే మీలో మీరు చూసుకుంటారనే" అన్నాడు మేనేజరు.

"మా పెట్టె నలగదు" అన్నాడు నాన్న. అంతే. ఇంకో ముక్క లేదు. ఆయన మాటల్ని కూడా కొలిచి కత్తిరిస్తాడని నీకు తెలుసుగా.

నువ్వొకసారి లోడు ఎక్కించేటప్పుడు దగ్గర నిలబడి చూడు మామయ్యా. మీ మేస్త్రీ మనుషులు పెట్టెలు విసురుతున్నారేమో. నింద వేయడం లేదు, అడుగుతున్నాను.

అన్నట్టు, కొత్త పెట్టె మీద బొమ్మ ఎలా ఉందో నువ్వింకా రాయలేదు. ఆ గొడుగు అమ్మాయిని గీసింది నేనే. అంత చదివి అట్టల ఫ్యాక్టరీలో ఏం చేస్తావన్నవాళ్లందరికీ అదే నా జవాబు. పాత పెట్టె మీద వట్టి అక్షరాలే ఉండేవి, మందుల డబ్బా మీద ఉన్నట్టు. కంపెనీవాళ్లు పెద్ద బొమ్మ కావాలన్నారు. అమ్మాయేమో పొడుగు, మన పెట్టేమో పొట్టి. ఎలా ఇమిడ్చానో చూస్తే మెచ్చుకుంటావు.

జిగురు వాసనల మధ్య నుంచి,
నీ మేనకోడలు

ఫిబ్రవరి 7

బొంగరానికి,

నీ ఉత్తరం నేను చదివితే నింద కనబడింది. మీ అత్తయ్య చదివి వినిపిస్తే కనబడలేదు. కాబట్టి ఆవిడ చదివిన ఉత్తరానికే జవాబు రాస్తున్నాను.

మా మేస్త్రీ పెట్టెలు విసరడు. విసిరేవాణ్ణి చూస్తే వాణ్ణే విసురుతాడు. నాకు ఒక్క లారీ, మీ నాన్నకు ఒక్క చేతి మిషను ఉన్న రోజుల నుంచీ మన సరుకు ఎక్కించింది వాడే. అయినా నువ్వు చెప్పావు కదా అని నిన్న వెళ్లి నిలబడ్డాను. నన్ను చూసి, "ఏంటయ్యా, కొత్తగా ఉద్యోగంలో చేరారా?" అన్నాడు. మనుషులంతా నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను. పెట్టె పక్కన పెట్టె, అక్షరాలు నిటారుగా, మధ్యలో వేలు దూరని దొంతరలు. ఎప్పుడూ ఎలా పేరుస్తారో అచ్చం అలాగే పేర్చారు. నాకు తప్పు పట్టడానికేం దొరకలేదు.

ఇక నేనొకటి అడుగుతాను. మీ నాన్న ఈ మధ్య అట్ట పల్చన చేశాడా? నేనడిగానని చెప్పకు. మెల్లగా మాటల్లో పెట్టి కనుక్కో. మెల్లగా అంటే ఏమిటో నీకు తెలియకపోతే మీ అమ్మనడుగు.

బొమ్మ సంగతి తీరిగ్గా రాస్తాను. లారీ ఎక్కే సరుకు నాకు బరువుగానే కనబడుతుంది తప్ప బొమ్మలా కనబడదు.

అమ్మకు నడుం నొప్పి తగ్గిందా? ఆవిడ రాయదు, నువ్వు చెప్పవు.

షెడ్డు గొంతువాడు,
మామయ్య

ఫిబ్రవరి 12

మామయ్యా,

మెల్లగానే అడిగాను. ఒట్టు. భోజనాల దగ్గర, "ఈ మధ్య అట్టలో ఏమైనా మార్పు చేశామా నాన్నా?" అని. ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఇది నీ ప్రశ్న కాదు" అన్నాడు.

అమ్మ నా కాలు తొక్కింది, ఆలస్యంగా.

తినడం పూర్తి చేసి నన్ను ఫ్యాక్టరీకి నడిపించుకుపోయాడు. ఒక ఖాళీ పెట్టె మడిచి, అతికించి, నేల మీద పెట్టి, చెప్పులు విడిచి దాని మీదికెక్కి నిలబడ్డాడు. అందరూ మిషన్లు ఆపి చూస్తున్నారు. పెట్టె కిర్రుమని కూడా అనలేదు. "ఇప్పుడు రాయి మీ మామయ్యకి" అన్నాడు పైనుంచి.

అదీ రాస్తున్నాను. అట్ట పల్చన కాలేదు. లోపల అలలు అలలుగా ఉండే కాగితం కూడా పాతదే. పెట్టె సరిగ్గా కూర్చున్నప్పుడు ఆ అలలు నిలువుగా, సన్నటి స్తంభాల్లా నిలబడి పై బరువంతా మోస్తాయి. నేను ఫ్యాక్టరీలో అడుగుపెట్టిన రోజు నాన్న చెప్పిన మొదటి పాఠం అది. ఆ స్తంభాలు ఉన్నంతవరకు పెట్టె కుంగదంటాడు.

కానీ ఆ మధ్యాహ్నం నుంచి ఆయన నీ పేరు ఎత్తడం లేదు. "ట్రాన్స్‌పోర్టువాళ్లు" అంటున్నాడు. నువ్వు ఆయన్ని మోసగాడన్నావనే ఆయన లెక్క. నువ్వు అలా అనలేదని నేను, అన్నంత పని చేశాడని ఆయన. అమ్మ మధ్యలో కూర్చుని చిక్కుడు ఈనెలు తీస్తోంది. "తమ్ముడి వైపు మాట్లాడితే ఈయనకు కోపం, ఈయన వైపు మాట్లాడితే నాకే కోపం" అంది. నడుం నొప్పి అలాగే ఉంది.

మేనేజరు మళ్లీ కబురు పెట్టాడు. నెలాఖరులోగా తప్పు ఎవరిదో తేలాలట. తేలితే రెండోవాళ్లను ఉంచుకుంటాడు. తేలకపోతే ఇద్దరికీ సెలవు. అది విన్నప్పట్నుంచీ నాకు నిద్ర సరిగ్గా లేదు. మీ ఇద్దరిలో ఎవరో ఒకరు బయటపడాలంటే రెండోవాళ్లు మునగాలి. ఇదేం ఏర్పాటో నాకర్థం కావడం లేదు.

నేనొక ఉపాయం ఆలోచించాను. అది ఫలించాక రాస్తాను. నన్ను నమ్ము.

పెట్టె ఎక్కినవాడి కూతురు

ఫిబ్రవరి 18

అమ్మాయికి,

బొంగరం అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

సబ్బుల కంపెనీ వాచ్‌మన్ చెప్పాడు, నేను అడక్కుండానే. మూడు రోజుల కిందట మన సరుకు వేరేవాళ్ల లారీ ఎక్కిందట. ఆ పొడుగాటి మూత బండ్లు, వాళ్ల మనుషులు, అంతా వాళ్లదే. "మీ కోడలుపిల్లే ఏర్పాటు చేసింది కదయ్యా, మీకు తెలీదా?" అన్నాడు. తెలీకేం అన్నాను. అలా అనకపోతే వాడి ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను?

నమ్మమన్నావు. నమ్మే కూర్చున్నాను.

సరే, నేనూ చేతులు ముడుచుకోలేదని నీకు తెలియాలి. కంపెనీ గోడౌనులో వేరే ఫ్యాక్టరీ పెట్టెలు కొన్ని ఉన్నాయి. బొమ్మా గిమ్మా లేని మామూలు పెట్టెలు. మేనేజర్ని అడిగి వాటిలో సబ్బులు నింపించి, మా మేస్త్రీ చేత ఎక్కించి, మన లారీలోనే దూరపు డిపోకి పంపాను. నిన్న చేరాయి. ఒక్క మూల కూడా కుంగలేదు. అదే లారీ, అదే దారి, అవే చేతులు.

దీని అర్థం ఏమిటో నేను రాయను. మీ నాన్న పెట్టె ఎక్కి చూపించాడు కదా. నేనూ ఎక్కి చూపించాననుకో.

అక్కకు మాత్రం ఇది చదివి వినిపించకు.

మామయ్య

ఫిబ్రవరి 18

మామయ్యా,

నీ జవాబు ఇంకా రాలేదు. ఈలోగా నేనే చెప్పేయాలి, వేరేవాళ్ల నోట వినే ముందు.

నా ఉపాయం ఇది. మేనేజరుతో మాట్లాడి ఒక్క లోడు, ఒకే ఒక్కటి, పొడుగు బండ్లవాళ్లతో పంపించాను. నీ మీద అనుమానంతో కాదు. నిజంగా కాదు. వాళ్ల చేతుల్లోనూ పెట్టెలు నలుగుతాయనీ, అప్పుడు నీ మీద మాట ఉండదనీ అనుకున్నాను. తప్పు మాదని తేలినా పరవాలేదు, అట్ట మార్చుకుని మేనేజర్ని బతిమాలుకోవచ్చు, మామయ్యను మార్చుకోలేం కదా అని.

నలగలేదు మామయ్యా. అన్నీ ఫ్యాక్టరీలోంచి ఇప్పుడే వచ్చినట్టు చేరాయి.

నాన్నకు చెబితే సంతోషిస్తాడనుకున్నాను. "చూశావా" అన్నాడు, కానీ ఆ మాటలో బలం లేదు. తర్వాత చాలాసేపు వాకిట్లో నిలబడి, ఎదురింటివాళ్లు సైకిలుకు గాలి కొట్టుకుంటుంటే చూశాడు. మీ మామయ్య మేస్త్రీకి చూపు మందగించిందేమో కనుక్కో అన్నాడు. మళ్లీ "మీ మామయ్య" అన్నాడని నేను సంబరపడాలో, ఏడవాలో తెలీలేదు.

నీ మీద గెలవాలని నేనేం చేయలేదు. ఇలా ఎందుకైందో నాకు తెలీదు.

నీ కోడలు

ఫిబ్రవరి 21

మామయ్యా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. నీది చదివి కాసేపు ఏడ్చి, మళ్లీ చదివాను. ఏడుపు సంగతి తర్వాత. ముందు ఇది చూడు.

మా పెట్టెల్ని పరాయివాళ్లు ఎక్కిస్తే నలగలేదు. కాబట్టి పెట్టె మంచిది.

పరాయి పెట్టెల్ని మీ మేస్త్రీ ఎక్కిస్తే నలగలేదు. కాబట్టి మేస్త్రీ మంచివాడు.

మా పెట్టె, మీ మేస్త్రీ కలిస్తేనే నలుగుతోంది.

ఇదెలా సాధ్యం? నువ్వు అబద్ధం రాయలేదు, నేనూ రాయలేదు. విడివిడిగా అందరూ మంచివాళ్లే. ఇన్నేళ్లు కలిసి పనిచేసినవాళ్లకే కలిస్తే కుదరడం లేదు. కాగితం మీద బొమ్మ గీసి, బాణాలు వేసి చూశాను. కాలేజీలో ఇలాంటివి ఇస్తే ఇట్టే తేల్చేదాన్ని. ఇది తేలడం లేదు.

నాన్నకు నీ ఉత్తరం చూపించలేదు. చూపించకపోవడం కూడా ఒక మోసంలాగే అనిపిస్తోంది.

దయచేసి నన్ను మళ్లీ బొంగరం అని పిలువు.

ఫిబ్రవరి 23

బొంగరం,

పిలిచాను. ఏడవకు.

నీ రెండు ఉత్తరాలూ అందాయి. కలిస్తేనే నలుగుతోందని రాశావు. అది విని మీ అత్తయ్య, "పెట్టెల గురించేనా ఇది?" అంది. ఎవరి గురించైతే ఏమిటి, నాకు నవ్వు రాలేదు.

రెండు రోజులు ఆలోచించాను. పరాయివాళ్లు నలగకుండా చేర్చింది మనం చేర్చలేకపోయాం. ఎవరికి చెప్పినా వినేది ఆ ఒక్క ముక్కే. నేను చేసిన పరీక్ష మేనేజరు వినడు, నా గోల అనుకుంటాడు. మేస్త్రీని పిలిచి ఉన్నది చెప్పమన్నాను. "ఎప్పట్లానే ఎక్కించామయ్యా" అన్నాడు. ఎన్నిసార్లడిగినా అదే. ఎప్పట్లానే, ఎప్పట్లానే. నాకు ఒళ్లు మండింది. రేపట్నుంచి రావద్దన్నాను. తలకు కట్టుకున్న గుడ్డ విప్పి, దులిపి, మడిచి, జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు. నేనే చూస్తూ నిలబడ్డాను.

మేనేజరుకు రాసిచ్చేస్తాను, తప్పు మా ఎక్కింపులోనే అని. సోమవారం వెళ్తాను. మీ ఫ్యాక్టరీకి ఆ కంపెనీయే ఆధారం, నా లారీలు ఇటుకలైనా మోస్తాయి. మీ నాన్నకు ఇప్పుడే చెప్పకు. చెబితే వద్దంటాడు, వద్దంటే నేను ఆగుతాను, అప్పుడు ఇద్దరం పోతాం.

ఇవాళ మధ్యాహ్నం మా గోడౌనులో ఒక్కణ్ణే కూర్చున్నాను. ఎక్కించడానికి మనుషులు లేక లోడు అలాగే ఉంది, మేస్త్రీ వెళ్లే ముందు పేర్చినది. అప్పుడు చూశాను నీ బొమ్మని, తీరిగ్గా. గొడుగు అమ్మాయిలు వరసలు వరసలుగా, నిటారుగా నిలబడి, ఎవరో రావాలన్నట్టు చూస్తున్నారు. బాగా గీశావే. ముందే రాయాల్సింది.

మామయ్య

ఫిబ్రవరి 25

మామయ్యా,

ఆ అమ్మాయి నిలబడకూడదు.

ఫోన్ చేశాను, నాన్న పక్కనున్నా సరే అని. నువ్వు లేవన్నారు. లారీ గేటులో ఆగి ఉంది, డ్రైవర్ని బతిమాలి ఆపాను. మేనేజరు దగ్గరికి వెళ్లకు. ఏదీ రాసివ్వకు.

మన పెట్టె పొట్టిది, వెడల్పుది. అంత పొడుగు అమ్మాయి దాని మీద నిలువుగా పట్టదు. అందుకని నేనామెను పెట్టె పొడుగునా అడ్డంగా పడుకోబెట్టాను, అక్షరాల్నీ ఆమెతో పాటే తిప్పాను. పెట్టె సరిగ్గా కూర్చుంటే ఆమె పడుకుని కనబడాలి. నీ గోడౌనులో ఆమె నిటారుగా నిలబడి ఉందంటే పెట్టెలన్నీ పక్కకు లేపి నిలబెట్టారన్నమాట. అప్పుడు లోపలి స్తంభాలన్నీ పడుకున్నాయి. పడుకున్న స్తంభం ఏం మోస్తుంది?

ఏ వైపు పైకుండాలో బాణం గుర్తు వేశాను. వేశానని నా ధీమా. పరాయివాళ్లు అందరి సరుకూ మోస్తారు, ఎవరి బొమ్మా వాళ్లకు తెలీదు, బాణమే చూశారు. మీ మేస్త్రీకి మన పెట్టె మీద బాణం చూడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. అక్షరాలు నిటారుగా ఉంటే పెట్టె సరిగ్గా ఉన్నట్టే. ఇన్నేళ్లూ మనమే అలా అచ్చు వేశాం. ఎప్పట్లానే ఎక్కించానన్నాడు కదా. నిజంగా ఎప్పట్లానే ఎక్కించాడు. ఆ మాట చెప్పినందుకే అతని పని పోయింది.

నేను అక్షరాలు తిప్పాను, ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని కూడా తోచలేదు. ఫ్యాక్టరీలోంచి పెట్టెలు మడతలుగా, పలకల్లా వెళ్తాయి, సబ్బులు నింపేది కంపెనీవాళ్లు. పలకకు పైన ఏది, కింద ఏది?

నాన్నకు అంతా చెప్పాను. నీ ఉత్తరాలన్నీ చూపించాను, తప్పు మీద వేసుకుంటానన్నది కూడా. ఆయన చదివి, నన్ను ఏమీ అనకుండా, చెప్పులేసుకుని బయటికి వెళ్లాడు. ఎటు వెళ్లాడో తెలీదు. తిడితే బాగుండేది.

మేస్త్రీ ఇంటికి నేనొస్తాను. ఎప్పుడు రమ్మంటావో చెప్పు. డ్రైవరు హారన్ కొడుతున్నాడు, ఇక ఆపుతున్నాను.

మార్చి 1

బొంగరానికి,

మీ నాన్న ఎటు వెళ్లాడో చెప్తాను. నీ ఉత్తరం తెచ్చిన లారీలోనే, డ్రైవరు పక్కన కూర్చుని ఇక్కడికొచ్చాడు. దిగి, "చదువు" అని ఉత్తరం నా చేతికిచ్చాడు. నేను చదువుతుంటే గోడౌనులోకి వెళ్లి ఆ అమ్మాయిల వరసల్ని చూసి, "ఎంత అందంగా పేర్చారురా" అన్నాడు. తిట్టాడో మెచ్చుకున్నాడో ఇప్పటికీ తెలీలేదు.

అప్పటికి నేను మేనేజరుకు ఏమీ రాసివ్వలేదు. ఇద్దరం కలిసే వెళ్లాం. మీ నాన్న ఒక పెట్టెను సరిగ్గా కూర్చోబెట్టి ఎక్కాడు, ఆగింది. ఇంకోదాన్ని నిలబెట్టి ఎక్కాడు. నేను పట్టుకోకపోతే మేనేజరు బల్ల మీద పడేవాడు. మేనేజరు నవ్వు ఆపుకుని, ఇంకొక్క లోడు చూస్తానన్నాడు. ఇవాళ ఎక్కేది అదే. అది క్షేమంగా చేరితే ఇద్దరం ఉంటాం, లేకపోతే ఇద్దరం పోతాం. ఒకర్ని ఉంచి ఒకర్ని తీయడం మాత్రం ఉండదట, అదొక్కటీ అడిగి మరీ అనిపించుకున్నాడు మీ నాన్న.

తర్వాత మేస్త్రీ ఇంటికి వెళ్లాం. సన్నటి సందు, ఇనప మెట్లు. వాడి భార్య లోపలికి రమ్మనలేదు, రెండు కుర్చీలు సందులో వేసి తలుపు దగ్గరికేసుకుంది. వాడింకా పని నుంచి రాలేదు. చాలాసేపు కూర్చున్నాం. మీ నాన్నా నేనూ అంతసేపు పక్కపక్కన కూర్చుని ఎన్నాళ్లయిందో.

"ముందు మీ ఫ్యాక్టరీలో కూడా నిజంగా పెట్టె ఎక్కావా బావా?" అన్నాను.

"ఎక్కాను."

"పడితే?"

"మా పెట్టె..." అని ఆగిపోయాడు.

మేస్త్రీ వచ్చాడు. నేను లేచి "తప్పు నాది" అన్నాను. అదే నిమిషంలో మీ నాన్న "తప్పు మాది" అన్నాడు. వాడు ఇద్దర్నీ చూసి, "ముందు మీరు తేల్చుకోండయ్యా, నేను స్నానం చేసొస్తాను" అని లోపలికి పోయాడు.

వచ్చాక అంతా విన్నాడు. బొమ్మ సంగతికి కోపం తెచ్చుకోలేదు, పైగా "ఆ పిల్లని పడుకోబెట్టి గీశారా, పాపం" అన్నాడు. నన్ను మాత్రం చూడకుండా, "ఎప్పట్లానే ఎక్కించానని చెప్పాను కదయ్యా" అన్నాడు. వాడిప్పుడు పొడుగు బండ్లవాళ్ల దగ్గర చేరాడు. ఈ నెల వాళ్లకు మాటిచ్చాడట, ఆ తర్వాత సంగతి అప్పుడు చూస్తానన్నాడు.

"అంతవరకు మా లోడు ఎవరెక్కిస్తారు?" అన్నాను.

"మీరిద్దరూ ఉన్నారుగా" అన్నాడు.

అదీ సంగతి. నువ్వు వాడి ఇంటికి రా, రావాల్సిందే, కానీ నా తరఫున క్షమాపణ అడగడానికి కాదు. అది నా పని, ఇంకా పూర్తి కాలేదు. నీ సంగతి నువ్వు చెప్పుకో.

ఇది లారీ వెనక తలుపు మీద కాగితం పెట్టి రాస్తున్నాను. మీ నాన్న పొద్దున్నే చొక్కా చేతులు మడిచి దిగాడు. మొదటి వరస మూల నుంచి మొదలెట్టాలా, మధ్య నుంచా అని గంటగా వాదించుకుంటున్నాం. పెట్టె చేసినవాడికీ తెలీదు, బండి కొన్నవాడికీ తెలీదు. డ్రైవరు తలపట్టుకున్నాడు.

ఇందాక మేస్త్రీ తన పనికి పోతూ గేటు దగ్గర సైకిలాపాడు. మమ్మల్ని చూశాడు. మేం చూడనట్టు ఇంకో రెండు పెట్టెలు ఎక్కించాం. ఒకటి వంకరగా పడింది.

వాడింకా అక్కడే ఉన్నాడు.

మామయ్య